అరణ్యమునుండి ఆశ్రమమునకు

సావిత్రీ ఉపాఖ్యానమును వినని ఇల్లు మన దేశమున అరుదు. మద్రరాజ పుత్రికయైన సావిత్రి, ఒక్క సంవత్సరము మాత్రమే ఆయువు మిగిలియున్నదని నారదుని వలన ఎరిగియు సత్యవంతునే వరించుట; ఆ దినము రాగా భర్త వెంట అడవికి పోవుట; కట్టెలు కొట్టుచు తలనొప్పితో సోలిపోయిన భర్త శిరస్సును తన ఒడిలో ఉంచుకొనుట; ప్రాణములను గొనిపోవు యమధర్మరాజు వెంట నడచుచు, ధర్మయుక్తములైన మాటలతో ఆయనను మెప్పించి, భర్త ప్రాణములను మరల పొందుట — ఇంతవరకు పిల్లలు సైతము చెప్పగలరు. పురాణ శ్రవణములందును, హరికథలందును, నాటకములందును కథ సాధారణముగా ఇక్కడనే ముగియును. యముడు వరమిచ్చెను, సత్యవంతుడు కన్నులు తెరచెను, మంగళము పాడిరి.

కాని మహాభారతమున కథ అక్కడ ముగియలేదు. అరణ్యపర్వమున మార్కండేయ మహర్షి ధర్మరాజునకు ఈ ఉపాఖ్యానమును వినిపించుచు, సత్యవంతుడు కన్నులు తెరచిన పిమ్మట ఆ రాత్రి జరిగినదానిని సైతము ఓపికతో వర్ణించెను. సూర్యుడస్తమించెను. చీకటి క్రమ్మెను. నక్కలు కూయుచున్నవి. మృత్యుముఖమునుండి మరలిన ఆ యువకునకు ఏమి జరిగినదో తెలియదు. ఎవరో నల్లని పురుషుడు తన్ను గొనిపోయినట్లు కలవలె లీలగా తోచుచున్నది. తల్లిదండ్రులు తనకొరకు ఎంత తల్లడిల్లుచుందురో యని అతడు కంట తడిపెట్టెను. సావిత్రి ఆ కన్నీటిని తుడిచెను. జరిగినదంతయు రేపు చెప్పెదనని మాత్రము పలికెను. దేహమింకను స్వస్థపడనిచో, అడవిలో కాలుచున్న ఎండుమ్రానునుండి నిప్పు తెచ్చి రాజవేసెదననియు, ఈ రాత్రి ఇచ్చటనే గడిపి తెల్లవారిన పిమ్మట పోవచ్చుననియు చెప్పెను. అతడు ఇంటికే పోవలెనని కోరెను. అప్పుడామె అతనిని చేతులతో లేవనెత్తి, పండ్లబుట్టను చెట్టుకొమ్మకు తగిలించి, గొడ్డలిని తాను తీసికొని, అతని ఎడమచేతిని తన భుజముపై వేసికొని, కుడిచేతితో అతనిని పొదివి పట్టుకొని మెల్లగా నడిపించుకొనిపోయెను.

యముని ఎదుట సావిత్రి చూపిన ధైర్యమును లోకము కొనియాడినది, కొనియాడదగినదే. ఐనను ఆలోచించి చూడగా, ఆ చీకటి దారిలో ఆమె చేసిన పని మన జీవితములకు మరింత దగ్గరగా ఉన్నది. యమునితో వాదించు శక్తి మనకు లేదు. కాని మృత్యువు అంచువరకు పోయి మరలివచ్చిన ఆత్మీయుని ఇంటికి నడిపించు బాధ్యత ఏదో ఒకనాడు మనలో పెక్కుమందికి కలుగుచునే యున్నది.

నేటి కాలమున ఆ బాధ్యత తరచుగా హృదయ శస్త్రచికిత్స రూపమున గృహస్థుల వాకిట నిలుచుచున్నది. ఒకప్పుడు గుండెను తెరచుట ఊహకందని విషయము. 1953లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జాన్ గిబ్బన్ అను వైద్యుడు, గుండె ఊపిరితిత్తుల పనిని కొంతసేపు తానే నిర్వహించు యంత్రమును అమర్చి, ఒక యువతి గుండెలోని రంధ్రమును విజయవంతముగా మూసెను. 1967లో అదే దేశమున క్లీవ్‌లండు నగరమునందు రెనె ఫవలోరో అను శస్త్రవైద్యుడు, కాలినుండి తీసిన రక్తనాళముతో, మూసికొనిపోయిన గుండె ధమనిని దాటి రక్తము ప్రవహించుటకు క్రొత్త దారి కల్పించు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను. దీనినే నేడు అందరును బైపాసు ఆపరేషను అనుచున్నారు. మన దేశమున 1975లో, మద్రాసు నగరము పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె. ఎం. చెరియన్ గారు ఈ చికిత్సను చేసిరి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైన పిమ్మట, పేద కుటుంబములకు సైతము ఇట్టి చికిత్సలు అందుబాటులోనికి వచ్చినవి.

శస్త్రవైద్యుని పని కొన్ని గంటలలో ముగియును. సాధారణముగా వారము, పది దినములలో రోగిని ఇంటికి పంపుదురు. ఆసుపత్రిలో ఉన్నంతకాలము రాత్రింబవళ్లు కనిపెట్టుకొనియుండు నర్సులు ఉన్నారు, గుండె కొట్టుకొనుటను క్షణక్షణము చూపు యంత్రములు ఉన్నవి. ఇంటి గడప దాటినంతనే అవి ఏవియు లేవు. సంచినిండ మందులు, వాటిని ఎప్పుడెప్పుడు వేసికొనవలెనో వ్రాసిన కాగితము, మంచముమీద అలసిపోయిన మనిషి, ప్రక్కన నిద్రలేని కన్నులతో భార్యయో భర్తయో — ఇంతియే మిగులును. గండము గడచినదని బంధువులు సంతోషించి ఎవరి ఊరికి వారు వెడలిపోవుదురు. వాస్తవమునకు నడక అప్పుడే మొదలగుచున్నది.

దింపవలసిన బుట్ట, మోయవలసిన గొడ్డలి

సావిత్రి చేసిన పనిని గమనింపుడు. శ్రమపడి కోసిన పండ్లు ఆ బుట్టలో ఉన్నవి. ఐనను ఆమె దానిని కొమ్మకు తగిలించి, రేపు తీసికొనవచ్చుననెను. గొడ్డలిని మాత్రము తాను మోసెను. ఏది అప్పటికి విడువదగినదో, ఏది విడువరానిదో ఆ రాత్రి ఆమెకు స్పష్టముగా తెలిసియుండెను. వివేకమనగా శాస్త్రగోష్ఠులలో చేయు నిత్యానిత్య వస్తువిచారణ మాత్రమే కాదు. చేతిలోని బరువులలో దేనిని దింపవలెనో తెలియుటయు వివేకమే.

బైపాసు చికిత్సలో రొమ్ము నడిమి ఎముకను నిలువుగా కోసి, పని ముగిసిన పిమ్మట ఉక్కుతీగెలతో బిగించి కట్టుదురు. ఆ ఎముక అతుకుటకు ఆరు మొదలు పండ్రెండు వారములు పట్టును. విరిగిన చేతికి కట్టు కట్టినచో చూచువారికి తెలియును. ఈ ఎముక చొక్కా చాటున ఉన్నందున, మనిషి బాగుగనే ఉన్నాడని ఇంటివారును, తానును గూడ మరచుట సులభము. కావుననే ఈ కాలమున నాలుగైదు కిలోలకు మించిన బరువు ఎత్తరాదని వైద్యులు చెప్పుదురు. మంచముమీదినుండి లేచునపుడు చేతులపై భారము మోపరాదు. దగ్గు, తుమ్ము వచ్చినపుడు దిండును రొమ్మునకు హత్తుకొని పట్టుకొనవలెను. వైద్యుడు అనుమతించువరకు స్కూటరును, కారును నడుపరాదు. మనుమడు పరుగెత్తి వచ్చి చేతులు చాచినను ఎత్తుకొనరాదు. కూర్చున్నచోటనే ప్రక్కన కూర్చుండబెట్టుకొని ముద్దాడవలెను. పొలము తగాదాలు, అప్పుల లెక్కలు, కార్యాలయపు వ్యవహారములు, గంటల తరబడి కూర్చుండు పరామర్శకులు — ఇవన్నియు కొమ్మకు తగిలింపవలసిన బుట్టలు. అవి ఎక్కడికిని పోవు.

ఇక గొడ్డలి ఏది? మందులు వేళ తప్పకుండుట. గాయమును, రక్తనాళము తీసిన కాలిని దినదినము పరిశీలించుట; కాలు వాచినచో కూర్చున్నపుడు ఎత్తుగా పెట్టించుట. ఉదయమున ఒకే వేళకు బరువు తూచి వ్రాసికొనుట. ఒకటి రెండు దినములలోనే బరువు కిలోకు మించి పెరిగినచో దేహమున నీరు చేరుచున్నదేమో యని వైద్యునకు తెలుపుట. జ్వరము వచ్చినను, గాయము ఎర్రబారి చీము కారినను, రొమ్మెముకలో కటకటమను కదలిక తెలిసినను, ఆయాసము పెరిగినను ఆలసింపక ఆసుపత్రికి చెప్పుట. రొమ్ములో మునుపటి నొప్పి మరల వచ్చినచో, స్పృహ తప్పినచో, మాట తడబడినచో తెల్లవారువరకు వేచియుండక ఆ క్షణముననే తీసికొనిపోవుట. వీటిని విడిచి, గ్రహశాంతి చేయించితిమి గదా యని నిశ్చింతగా ఉండుట భక్తి కాదు. సావిత్రి మూడు రాత్రులు ఉపవసించి వ్రతము చేసెను. ఐనను ఆ దినమున భర్త వెంట అడవికి పోవుట మానలేదు.

అడిగి నడిపించుట

రెండవ విషయము మరింత సూక్ష్మమైనది. ఆ రాత్రి సావిత్రి, భర్తకు రెండు దారులు చూపి, నిర్ణయమును అతనికే విడిచెను. నీకు ఓపిక ఉన్నచో పోవుదము, లేనిచో ఇచ్చటనే ఉందమని పలికెను. అంతేకాదు. నడచునపుడు దారి చెప్పినవాడు సత్యవంతుడే. నిత్యము తిరుగు అడవి గనుక దారి తనకు తెలియుననియు, చెట్ల సందులనుండి వెన్నెల పడుచున్నదనియు, మోదుగుచెట్ల వద్ద దారి చీలునపుడు ఉత్తరపు బాట పట్టవలెననియు అతడు చెప్పెను. భుజము ఆమెది, దారి అతనిది. ఎంత చక్కని పొందిక!

మన ఇండ్లలో భుజము ఇచ్చినవారు దారిని గూడ తామే లాగుకొనుచుందురు. దీనికి కారణము ప్రేమయని తలంతురు. పరిశీలించినచో అది భయము. ఆసుపత్రి తలుపు వెలుపల కూర్చుండి గడపిన ఆ గంటలు మనస్సునుండి పోవు. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, ఊపిరి ఆడుచున్నదా లేదా యని చీకటిలో చెవియొగ్గి వినుట. దగ్గు వినబడినంతనే గుండె జల్లుమనుట. స్నానపుగదిలో కొంచెము ఆలస్యమైనచో తలుపు తట్టుట — ఇవి అనుభవించినవారికే తెలియును. ఆ భయమును నిందింపరాదు. కాని అది సేవయొక్క వేషము ధరించి, లేవవద్దు, నడువవద్దు, మాటలాడవద్దు అని ఆజ్ఞాపింప మొదలిడినచో, రోగిని స్వస్థుని చేయుటకు మారుగా అతనిని ఎప్పటికిని రోగిగనే ఉంచును.

వైద్యశాస్త్రము సైతము ఒకప్పుడు ఇట్టి భయమునకే లోబడియుండెను. గుండెపోటు వచ్చినవారిని వారముల తరబడి మంచము దిగనీయకుండిరి. కదలక పడియుండుటవలన కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయి కొందరు మరణించుచుండిరి. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ గార్లు రోగులను మంచమునుండి దింపి కుర్చీలో కూర్చుండబెట్టి మేలు కలుగుటను చూపిరి. నేడు బైపాసు జరిగిన ఒకటి రెండు దినములకే రోగిని లేపి కూర్చుండబెట్టుచున్నారు, వెంటనే నడిపించుచున్నారు. ఇంటికి వచ్చిన పిమ్మట మొదట అయిదు నిమిషములు, తరువాత పది, ఆపై పదునైదు — ఈ విధముగా వైద్యుడు చెప్పిన మేరకు పెంచుకొనుచు పోయినచో, కొన్ని వారములలో అరగంట నడచు ఓపిక వచ్చును. నడచునపుడు మాటలాడగలిగియుండవలెను; మాట రానంత ఆయాసము కలిగినచో ఆగవలెను. ఆ నడకలో ప్రక్కన నడువుడు. ముందు నడచి లాగవద్దు, వెనుకనుండి వద్దని పట్టుకొనవద్దు.

మమకారమునకును ప్రేమకును ఉన్న భేదము గూర్చి మన ఆచార్యులు ఎంతగానో చెప్పిరి. గుండె శస్త్రచికిత్స జరిగిన ఇంట ఆ భేదము గ్రంథములలోకంటె స్పష్టముగా కన్పట్టును. ఇతడు పోయినచో నా గతి యేమి అని ఆలోచించునది మమకారము. ఇతడు ఈ దినమున వాకిటి వేపచెట్టు వరకు నడువగలడా అని ఆలోచించునది ప్రేమ. రెండును ఒకే హృదయమున ఒకే గంటలో ఉండవచ్చును. సాధకుడు చేయవలసినది మొదటిదానిని చంపుట కాదు. రెండవదానికి పని అప్పగించుట.

రేపు చెప్పెదను

మూడవది మౌనము. భర్త ప్రాణములను యమపాశమునుండి విడిపించినది తానే యని సావిత్రి ఆ చెట్టుక్రింద చెప్పలేదు. రేపు చెప్పెదననెను. అలసిన మనిషిపై ఆ క్షణమున కృతజ్ఞతా భారమును ఎత్తుట తగదని ఆమె ఎరుగును.

శస్త్రచికిత్స జరిగినవారు ఇంటికి వచ్చిన పిమ్మట మునుపటి మనిషివలె ఉండకపోవచ్చును. నిద్ర పట్టదు, అన్నము రుచింపదు. చిన్న మాటకు విసుగు, కారణము లేని కన్నీరు, తలంపులలో మాంద్యము కలుగుచుండును. గంభీరుడని ఊరంతయు ఎరిగిన వృద్ధుడు, కాఫీ చల్లారినదని చిన్నపిల్లవానివలె అలిగి గోడవైపు తిరిగి పడుకొనవచ్చును. మనోవ్యాకులత ఈ చికిత్స పిమ్మట పెక్కుమందిలో కలుగునదే. అది భక్తిలోపము కాదు, కృతఘ్నత కాదు. వారములు గడచినను తగ్గనిచో దానికిని చికిత్స కలదు గనుక వైద్యునకు చెప్పవలెను. అంతవరకు, నీకొరకు నేనెంత పడితినో నీకు తెలియునా అను మాటను నాలుకకొననుండి వెనుకకు మరలించుట గొప్ప తపస్సు. ఉపవాసముకంటె కష్టమైనది.

అట్లని తన బాధను జీవితాంతము మ్రింగి కూర్చుండుమని సావిత్రి కథ చెప్పదు. ఆశ్రమమునకు చేరినంతనే గౌతముడు మొదలైన మహర్షులు, ఇంత ఆలస్యమేల యని అడిగిరి. అప్పుడామె, నారదుని మాట మొదలు యముని వరముల వరకు అంతయు వారి ఎదుట చెప్పెను. సంవత్సర కాలము ఒంటరిగా మోసిన భారమది. వినదగినవారు అడిగినపుడు దించుకొనెను. సేవ చేయువారికి సైతము అట్టి గౌతముడొకడు కావలెను. అక్కయో, స్నేహితురాలో, గురువో, ఎవరో ఒకరి ఎదుట ఏడ్చుటలో దోషము లేదు. నీవు భోజనము చేసితివా, నీవు నిదురించితివా యని అడుగువారు ఆ ఇంటికి రావలెను. బంధువులారా, మీరు పండ్లు తీసికొని పరామర్శకు పోవునపుడు మంచముమీది వారిని పలుకరించిన పిమ్మట, వంటింటిలోని వారిని గూడ పలుకరింపుడు. వీలైనచో ఒక రాత్రి మీరు మేలుకొని, ఆమెను నిదురింపనిండు.

భుజము మారినపుడు

ఇంతవరకు భర్త రోగియనియు, భార్య సేవకురాలనియు భావించి చెప్పితిమి. సావిత్రి కథను మన సమాజము స్త్రీలకు మాత్రమే బోధించుచు వచ్చినది. కాని గుండెజబ్బు పురుషులకే వచ్చునది కాదు. గృహిణికి శస్త్రచికిత్స జరిగినపుడు మన ఇండ్లలో జరుగునది ఏమి? పది దినములు కూతురో, చెల్లెలో వచ్చి వంట చేయుదురు. పదునొకండవ దినమున ఆమె మెల్లగా లేచి పొయ్యి వద్దకు పోవును. ఎవరును పొమ్మనలేదు. వద్దని కూడ ఎవరును అనలేదు. ఇల్లు పాడైపోవుచున్నదను నొచ్చుకోలు ఆమెను లేపును. ఆమె లేచినదిగదా, ఇక బాగుపడినదని ఇంటివారు సంతోషింతురు.

లెక్క చూడుడు. పది లీటర్ల నీరు పట్టు బకెట్టు, నీటి బరువే పది కిలోలు. నిండు గ్యాసుబండలో గ్యాసు ఒక్కటే 14.2 కిలోలు, ఇనుపబండ బరువు వేరు. తడి దుప్పటిని పిండుట, రుబ్బురోలు త్రిప్పుట, అటకమీది డబ్బాను అందుకొనుట, గంజి వార్చుటకు పెద్దగిన్నెను వంచుట — ఇవన్నియు ఇంకను అతుకుకొనని రొమ్మెముకను లాగు పనులు. పురుషునకు పొలము, కార్యాలయము విశ్రాంతి ఇచ్చును. స్త్రీకి ఇల్లే కార్యాలయము గనుక ఆమె విశ్రాంతి తీసికొనవలసిన చోటనే పని ఆమెకొరకు కాచుకొనియున్నది.

కావున గృహస్థులారా, ఆ దినము వచ్చినపుడు గొడ్డలి మీరు తీసికొనుడు. అన్నము వండుట నేర్చుకొనుడు. చారు కాచుట నేర్చుకొనుడు. ఉప్పు తగ్గించి కూర చేయుట ఎట్లో ఆమెనే అడుగుడు. కుర్చీలో కూర్చుండి ఆమె చెప్పుచుండగా మీరు చేయుడు. దారి ఆమెది, భుజము మీది. నలుబది సంవత్సరములు ఆమె చేతి భోజనమును భగవత్ప్రసాదముగా భుజించితిమని పలుకుట సులభము. ఆ ప్రసాదము ఏ శ్రమవలన తయారగునో ఈ మూడు నెలలలో తెలియును. ఇది శిక్ష కాదు, ఆలస్యముగా లభించిన విద్య.

సేవ పొందువాని ధర్మము

సేవ చేయువారికే కాదు, సేవ పొందువారికిని ధర్మము కలదు. సత్యవంతుడు బలశాలి. దినదినము గొడ్డలి పట్టి కట్టెలు కొట్టువాడు. అతడు భార్య భుజముపై చేయివేయుటకు సిగ్గుపడలేదు. ఎంతకాలమో ఇతరులకు ఇచ్చుచు వచ్చినవారికి పుచ్చుకొనుట కష్టము. నేను ఎవరికిని భారము కారాదు అను మాట వినుటకు వినయముగా తోచును. దానిలోపల దాగియున్నది అహంకారమే. స్నానము చేయించు చేతులను, మందు అందించు చేతులను భగవంతుని చేతులుగా భావించి తలవంచి స్వీకరించుట శరణాగతికి తొలిపాఠము.

రెండవది, తన నియమమును తానే వహించుట. పొగత్రాగుట మానవలెను, ఆవకాయ, అప్పడము, వడియములు, నిలువపచ్చళ్లు తగ్గింపవలెను, రక్తము గడ్డకట్టకుండుటకును, కొవ్వు తగ్గుటకును ఇచ్చిన మందులు, బాగున్నది గదాయని మానరాదు. క్రొత్తగా వేసిన రక్తనాళములు సైతము పాత అలవాట్లచే పూడిపోగలవు. భార్య ఊరగాయ జాడీని దాచుటయు, భర్త వెదకుటయు జరుగు ఇంట ఆమె సహధర్మచారిణిగా ఉండజాలదు, కావలివానిగా మారిపోవును. ఆ దుర్గతినుండి ఆమెను విడిపించుట రోగి చేతిలోనే యున్నది. జాడీని తానే ప్రక్కకు జరుపువాడు ఆ దినమున ఆమెకు ప్రతిసేవ చేసినవాడగును.

ఇది సాధనయగునా?

ఒక గృహిణి ఇటీవల ఇట్లు ప్రశ్నించినది: "స్వామీజీ, మునుపు తెల్లవారుజామున లేచి రెండుగంటలు జపము చేసికొనెడిదానను. ఆయనకు ఆపరేషను అయినప్పటినుండి మందులు, పథ్యము, ఆసుపత్రి — దీనితోనే దినము తెల్లవారి దినము చీకటిపడుచున్నది. మాల చేతబట్టి కూర్చున్నను ఆయన మూలిగినట్లు వినబడి లేచిపోవుచున్నాను. సంపాదించుకొన్న కొద్దిపాటి సాధనయు పోయినదేమోయని భయముగా ఉన్నది."

అమ్మా, సాధన పోలేదు. అది గదినుండి గదికి మారినది. సంధ్యోపాసనకు వేళ ఎట్లో మందునకు వేళ అట్లు. అభిషేకమునకు శుచి ఎట్లో గాయము తుడుచుటకు శుచి అట్లు. నైవేద్యమునకు శ్రద్ధ ఎట్లో ఉప్పులేని పథ్యమునకు శ్రద్ధ అట్లు. ఒక్క భేదము కలదు. విగ్రహము విసుగుకొనదు, ఈ దేవుడు విసుగుకొనును. అందువలన ఈ పూజలో ఓర్పు అను పుష్పము అధికముగా కావలెను. మందిచ్చునపుడు ఒక్కసారి, గ్లాసు కడుగునపుడు ఒక్కసారి భగవన్నామమును స్మరింపుడు. రెండుగంటల జపము అణువులుగా విడిపోయి దినమంతటను చల్లబడినట్లగును. ఏకాంతము మరల లభించునాడు ఆ అణువులన్నియు అచ్చటనే ఉండును.

గీతాచార్యుడు బోధించిన నిష్కామకర్మ ఇచ్చటనే పరీక్షకు వచ్చును. ఇంత సేవ చేసితిని గనుక ఇతడు తప్పక బ్రతుకవలెనని ఎవరును పట్టుపట్టజాలరు. సత్యవంతునకు యముడు నాలుగువందల సంవత్సరముల ఆయువు ఇచ్చెను; మన వైద్యులు అట్టి వరము ఈయజాలరు. ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను కొన్ని ఇండ్లలో నడక దారి మధ్యనే ఆగిపోవుట కలదు. అట్టి దుఃఖము కలిగినవారు తమ సేవ వ్యర్థమైనదని తలంపరాదు. ఎక్కడనో లోపము చేసితిమని తమ్ము తాము దహించుకొనరాదు. భుజము ఇచ్చినంత దూరము ఇచ్చితిరి. ఆ మనిషి చీకటిలో ఒంటరిగా నడువలేదు. సేవయొక్క సత్యము ఫలమునందు లేదు, ఆ తోడునందే యున్నది.

భగవదనుగ్రహమున పెక్కుమంది ఆశ్రమమునకు చేరుదురు. దారిలో సత్యవంతుడు, నాకిప్పుడు బలము చేకూరినదని పలికి ఆశ్రమమువైపు వడివడిగా నడచెను. సేవ చేయువారికి ఆ మాట వినిపించు దినము వచ్చును. అతడు తానే లేచి మంచినీరు ముంచుకొనును. ఆమె తానే వీథి చివరి గుడివరకు పోయివచ్చెదననును. ఆ దినమున మనస్సు లోలోపల చివుక్కుమనవచ్చును. ఇన్నాళ్లు నేను లేనిదే గడువనివారికి ఇక నా అవసరము తీరినదా యని తోచవచ్చును. అప్పుడు భుజమును సంతోషముతో తొలగింపుడు. కొమ్మకు తగిలించిన బుట్టను ఇద్దరును కలసిపోయి తెచ్చుకొనుడు.

రోగశయ్యపై ఉన్నవారికి ధైర్యమును, వారి ప్రక్కన మేలుకొనియున్నవారికి ఓర్పును, ఉభయులకును పరస్పర గౌరవమును పరమేశ్వరుడు అనుగ్రహించుగాక!